ఎవరు ఏం మార్చారు

రెండువేల దశకం చివర్లో, మధురవాడలోని మా చిన్న ఆఫీసులో, ఉక్కు కర్మాగారానికి గీసే పైపుల డ్రాయింగులన్నీ ఒకే ఆన్‌లైన్ ఫోల్డర్‌లో ఉండేవి. ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఏం మార్చారో పక్కనే జాబితా పడేది. టీమ్ లీడర్ని కదా, పొద్దున్నే టీ కూడా తాగకుండా దాన్నే చూసేవాణ్ణి.

ఒకసారి, భీమిలి నుంచి బస్సులో వచ్చే మా డ్రాఫ్ట్స్‌మన్ పేరు అందులో మూడు రోజులు కనపడలేదు. కోపమొస్తే నాకు ఊరి మాటే వస్తుంది. "మూడ్రోజుల్నించి ఏటి సేత్తన్నావయ్యా?" అని అందరి ముందూ అరిచాను.

"కొత్తోళ్లిద్దరి పక్కనా కూకుని వాల్వులెలా గీయాలో సెప్తన్నాను సార్. ఆళ్ల పేర్లు సూడండి" అన్నాడు నెమ్మదిగా.

చూశాను. ఆ మూడు రోజులూ వాళ్ల పేర్లే బారులు తీరి ఉన్నాయి. "సరే, కానియ్" అని నా కుర్చీలోకి వచ్చిపడి, జాబితా మళ్లీ పైనుంచి కిందిదాకా చదివాను.

అందరికంటే ఎక్కువసార్లు ఉన్న పేరు నాదే. ప్రతి ఫైలూ నేను తెరిచానని ఉంది. ఒక్కదాంట్లోనూ ఒక్క గీతైనా గీయలేదు.