ప్లస్ బావ, మైనస్ బావమరిది

ఇంజినీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారంటే పిల్లలకి లెక్కే లేదు. వాళ్లు వచ్చింది మోటార్లు విప్పడానికి, వంతెనలు కట్టడానికి. మధ్యలో ఈ వాయువులేమిటి, వేడేమిటి, పీడనమేమిటి అని మొదటి ఏడాదంతా మొహం చిట్లించుకుని కూర్చుంటారు. పరీక్ష గట్టెక్కితే మళ్లీ ఆ పుస్తకం ముట్టరు. మన మాస్టారికి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ, భౌతిక రసాయనం అనే ఆ ఒక్క పేపర్నే జుట్టు నెరిసేదాకా చెప్పుకొచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక దొరకలేదనేవారు. పచ్చి అబద్ధం. కాలేజీ వదలగానే ఏమీ తోచక, రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి వెళ్లి కూర్చునేవారు.

అక్క భర్త అదే కాలేజీలో మెకానికల్ మాస్టారు. బావ కాకముందు ఇద్దరిదీ హాస్టల్లో ఒకే గది, ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్న స్నేహం. వీడు ఎక్కడికీ పోకుండా ఉండాలంటే ఇదే దారి అని మాస్టారే పట్టుబట్టి అక్కనిచ్చి పెళ్లి చేయించారు.

అంత స్నేహానికీ అడ్డం పడింది ఒక గుర్తు. సిలిండర్లో వాయువు వేడెక్కి పిస్టన్‌ని నెట్టిందనుకోండి, అది పని చేసినట్టు. ఆ పనిని లెక్కలో ఎలా రాయాలి? కెమిస్ట్రీ వాళ్లది వాయువు పక్షం. పాపం దాని ఒంట్లో శక్తి ఖర్చయింది కాబట్టి మైనస్ వేస్తారు. మెకానికల్ వాళ్లు బయట నిలబడి చెయ్యి చాపే రకం. యంత్రం పని చేసి పెట్టింది కాబట్టి ప్లస్ వేస్తారు. ఎవరి సూత్రంలో వాళ్లు చేసుకుపోతే రెండూ ఒప్పే. కానీ అదే పిల్లలకి పొద్దున మైనస్ అని ఒకరూ, మధ్యాహ్నం ప్లస్ అని ఒకరూ చెబితే తలలు పట్టుకోరూ? పట్టుకున్నారు. పట్టుకుని ఒకరికి ప్లస్ మాస్టారనీ, ఒకరికి మైనస్ మాస్టారనీ పేర్లు తగిలించారు.

"ఏరా, ఇంజను తిరిగి బండి కదిలితే మైనస్ అంటావేంట్రా? నువ్వు బండెక్కకు, నడిచే పో" అనేవాడు బావ.

"వాయువు చెమటోడిస్తే గొప్ప నీదా బావా? మా అక్క వండితే నువ్వు మెప్పు కొట్టేసినట్టుంది."

"గిన్నెలు తోమడానికి ఏ గుర్తో అది కూడా తేల్చండి" అనేది అక్క వంటింట్లోంచి.

చివరికి ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. పిల్లలు ఏ పద్ధతైనా రాయవచ్చు. ఏ పద్ధతో లెక్కకి పైన ఒక్క ముక్క రాస్తే చాలు, మార్కులు పడతాయి.

అక్క కూతురు అమ్మడు అదే కాలేజీలో చేరింది. క్లాసులో "సార్" అని, ఇంటికొస్తే "మామయ్యా" అని భుజం మీద వాలేది. మొదటి కెమిస్ట్రీ పరీక్షలో పిస్టన్ లెక్కకి ప్లస్ వేసింది. పైన మాత్రం ఏమీ రాయలేదు. రాయాలని తట్టలేదు పిల్లకి, చిన్నప్పటినుంచీ వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నది ఒకటే గుర్తు. మాస్టారు అడ్డంగా ఎర్రగీత కొట్టేశారు. ఆ ఒక్క లెక్కతో అమ్మడు తప్పింది.

మేనకోడలికి మార్కులు వేశాడని నలుగురూ చెవులు కొరుక్కుంటారని భయపడ్డారు, నిజమే. కానీ ఆ గీత కొట్టేటప్పుడు బావ మొహం ఎలా మాడుతుందో తలుచుకుని కాస్త నవ్వుకున్నారు కూడా. అదీ నిజమే.

బావ నవ్వలేదు. స్టాఫ్‌రూములో అందరి ముందే నిలదీశాడు.

"పైన రాయలేదు బావా. రూలు అందరికీ ఒకటే."

"ఆ రూలు మనం పెట్టుకున్నదేరా! నా మీద గెలవాలంటే నాతో కొట్లాడు. పిల్ల నెత్తిన కొట్టి గెలుస్తావా?"

ఆ రోజుతో మాటలు బందయ్యాయి. వరండాలో ఎదురుపడితే ఇద్దరూ మొహాలు తిప్పుకునేవారు. మాస్టారు అక్క గడప తొక్కలేదు. అక్క ఫోన్ చేసి బతిమాలింది.

"చిన్నపిల్లల్లా ఏంట్రా ఇది? ఒక్కసారి వచ్చి పో."

"ముందు ఆయన్ని పిలవమను. పిలిస్తే వస్తాను."

ఆ పిలుపు రాలేదు. ఒక ఉదయం కాలేజీకి తయారవుతూ, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే బావ కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. మాస్టారు పరుగెత్తుకెళ్లి ఆ మనిషి చెయ్యి పట్టుకుని "బావా, బావా" అని పిలుస్తూనే ఉన్నారు. అక్కే వచ్చి చెయ్యి విడిపించింది.

బావ క్లాసు చెప్పడానికి ఎవరూ దొరకలేదు. ఆ పాఠం మీకూ వచ్చినదే కదా అని ప్రిన్సిపాల్ మాస్టారికే అప్పగించాడు. ఆయన కాదనలేదు. పిస్టన్ బొమ్మ గీసి, పని దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. మెల్లగా ప్లస్ వేశారు. అంతకుముందైతే క్లాసంతా ఈలలు వేసి గోల చేసి ఉండేది. ఒక్కరూ కిమ్మనలేదు. అమ్మడు తల వంచుకుని రాసుకుంది.

ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లో కూడా "సార్" అనే పిలుస్తోంది. మాస్టారు రోజూ వెళ్తున్నారు, సరుకులు తెస్తున్నారు, అక్కతో మాట్లాడుతున్నారు. అమ్మడు మంచినీళ్లిచ్చి లోపలికి పోతోంది. మాస్టారికి ప్రాణం ఉసూరుమంటోంది.

తప్పినవాళ్లకి మళ్లీ పరీక్ష పెట్టారు. ముందురోజే మాస్టారు క్లాసులో చెప్పారు: "ప్లస్సో మైనస్సో మీ ఇష్టం. పైన ఏమీ రాయక్కర్లేదు." ఆ మాట ఎవరి కోసం అన్నారో అందరికీ తెలుసు. అమ్మడు వాళ్ల నాన్న గుర్తు వేయాలి, తను నిండా మార్కులు వేయాలి. ఆ ఒక్క ఆశతో పేపర్ల కట్ట విప్పారు.

అమ్మడి పేపర్లో అన్నీ మైనస్సులే. ఎక్కడా తడబాటు లేదు, కొట్టివేత లేదు. దిద్దడానికి మాస్టారికి ఏమీ మిగల్చలేదు. పాతికేళ్లు వాదించి గెలవాలనుకున్న పందెం గెలిచినట్టే. మర్నాడు క్లాసయ్యాక పిల్లని ఆపి, పేపరు ముందు పెట్టారు.

"ఏమే అమ్మడూ, నీ ఇష్టమన్నానుగా. మీ నాన్న పద్ధతి ఎందుకు వదిలేశావే? నా మీద కోపమా?"

"ఇదీ నాన్న నేర్పిందే" అంది అమ్మడు.

"ఏది?"

"మైనస్. మీరు మాట్లాడుకోని రోజుల్లోనే కూర్చోబెట్టి లెక్కలన్నీ మళ్లీ చేయించారు. మీ మామయ్య పేపర్లో మీ మామయ్య చెప్పినట్టే రాయాలి, అదేం తప్పు కాదు అన్నారు. నేను ప్లస్ వేస్తే మొట్టికాయ వేశారు కూడా."

"మరి మీ నాన్న నాతో ఒక్క ముక్క అనలేదేమే?"

"చెబుదామనే ఉన్నారు. సాయంత్రమైతే వీధి తలుపు వేయనిచ్చేవారు కాదు. వాడు రాకుండా ఉండలేడు, రానీ, కాసేపు ఏడిపించి అప్పుడు చెబుతా అనేవారు." అమ్మడు పేపరు చేతిలోకి తీసుకుంది. "మీరు రానేలేదు."

పిల్ల వెళ్లిపోయింది. మాస్టారు ఖాళీ బెంచీల ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ సాయంత్రాలన్నీ ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. తన గదిలో ఒక్కరే కూర్చుని, ఇవాళైనా బావ పిలుస్తాడని ఫోన్ వంక చూస్తూ గడిపారు.