మా అన్నకు నేను నకలు కాను

ఈ సాయంత్రం పంచాయతీ టీవీ గదిలో చూస్తున్న సీరియల్‌లో ఒక సైంటిస్టు, చనిపోయిన మనిషికి మిషన్‌తో నకలు తయారుచేశాడు. ఆ నకలు ఇంటికి వస్తే భార్య మురిసిపోయి అన్నం వడ్డించింది.

మా అన్న రాములు, నేను కవలలం. భద్రాద్రి రామలక్ష్మణులకు మొక్కుకుంటే పుట్టామని మాకు ఆ అన్నదమ్ముల పేర్లే పెట్టారు. అన్న పోయి ఏడాదైంది. ఇన్నాళ్లకు ఇవాళే వదిన టీవీ చూడటానికి వచ్చింది.

కిరాణా కొట్టు వీరయ్య ఆమెకు వరసకు మరిది. మరిది ఏ వేళాకోళం ఆడినా చెల్లుతుందనుకుంటాడు.

"ఏందొదినా, నీకు మిషన్‌తోటి పనేంది? లచ్చుమయ్య ఉన్నడు, నకలు ఇంట్లనే ఉంది గద!"

గదంతా నవ్వింది. నేను కోపంతో లేవబోయేలోపే వదినే లేచి నిలబడింది.

"వీరయ్యా, పన్నెండేండ్లు ఇద్దర్నీ ఒక్క ఇంట్ల చూసిన. వాకిట్ల అడుగుల సప్పుడుకే మా ఆయనెవరో, మరిదెవరో పోల్చుకున్న. మనిషంటే మొఖమొక్కటే అనుకునేది నువ్వు, నేను గాదు."

ఆమె వెళ్లిపోయింది. నేను టీవీ ఆపేశాను. అప్పుడు అందరూ అరిచారు, సీరియల్ పోయిందని. ఆమెను వీరయ్య ఎగతాళి చేసినందుకు మాత్రం ఒక్కరూ అరవలేదు.

అందుకే ఈ కాగితం టీవీ గది తలుపుకు అంటిస్తున్నాను. కథ చివర ఏమైందో నాకు చెప్పనక్కర్లేదు. నవ్విన వాళ్లు మాత్రం మా ఇంటికి వచ్చి, వదినకు మొహం చూపించండి.