అంటుకునే బిళ్ల

ఇరవై రెండేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసిన మనిషిని, తానే రాతపూర్వకంగా హెచ్చరించిన తప్పుకు దోషిని చేసి, సంజాయిషీ అయినా అడగకుండా పనిలోంచి తీసేశారు.

పంతొమ్మిదో ఏట ఆమె ఆ ప్రయోగశాలలో గాజుసామాను కడగడానికి చేరింది. కడుగుతూ కడుగుతూనే సిలికాన్ కలపడం నేర్చుకుంది: రెండు ద్రవాలను తూచి కలిపి, బుడగలు లాగేసి, అచ్చులో పోసి ఓవెన్‌లో పెట్టడం. చల్లారాక బొటనవేలితో నొక్కి, ముద్ర నిలవకపోతేనే తలూపేది. యంత్రం తేల్చేలోపే ఆమె వేలు తేల్చేస్తుందని అందరూ బొటనవేలమ్మ అనేవారు. ప్రతి తడవా గిన్నె అడుగున మిగిలింది ఒక సీసామూతలో బిళ్లలా పోసి, మూత మీద తేదీ, నంబరు రాసి డబ్బాలో వేసుకోవడం ఆమె అలవాటు. ఉత్త చాదస్తమని విభాగాధిపతి వేళాకోళం చేసేవాడు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ముక్కులోంచి పాలు పట్టే మెత్తని గొట్టం తయారుచేస్తున్న రోజులవి. ఒక ఉదయం స్టోరులో వినైల్ గ్లౌజులు నిండుకున్నాయి. గుమాస్తా లేటెక్స్‌వి అందించాడు.

“చేతికి పట్టాయా లేదా అమ్మాయ్? అత్తగారిలా వంకలు పెట్టకు.”

“నా చేతికేం బాబాయ్, బానే ఉన్నాయి. సిలికాన్‌కే ఇవి గిట్టవు.”

లేటెక్స్‌లోని గంధకం సోకితే ఆ సిలికాన్ పైపొర ఎప్పటికీ గట్టిపడదు, జిగటగానే ఉంటుంది. ఆ మాటే పనిపుస్తకంలో రాసి, విభాగాధిపతి చేత సంతకం పెట్టించింది. ఆసుపత్రికి మాటిచ్చేశాం, కానివ్వమన్నాడాయన. కానిచ్చింది. ఆ ఒక్కసారి తలొగ్గినందుకు ఆమె తనను తాను నేటికీ క్షమించుకోలేదు. మర్నాడు ఆ తడవ పోసిన ఎనిమిది గొట్టాల మీదా వేలిముద్ర అలాగే నిలిచిపోయింది. పారేద్దామంది. మరోసారి ఓవెన్‌లో పెట్టించి, పరీక్షలో నెగ్గాయని రాసి ఆయన పంపించేశాడు.

ఆసుపత్రిలో గొట్టం తీస్తుంటే ఇద్దరు పసిపిల్లలకు ముక్కు లోపలి పొర ఊడొచ్చింది. విచారణ నాటికి పుస్తకంలో ఆ పేజీ లేదు. గ్లౌజులు మార్చింది ఆమేనని తేల్చారు. గుమాస్తా తల ఎత్తలేదు. బయటికి పంపేస్తుంటే ఆమె అడిగింది ఒక్కటే.

“నా సంగతి తర్వాత చూద్దురుగానీ సార్, అక్కడ మిగిలిన ఆరు గొట్టాలు వెనక్కి తెప్పించారా?”



ఇంటికొచ్చి డబ్బా బోర్లించింది. చిన్నప్పుడు ఆ బిళ్లలతో అంగడి ఆట ఆడుకున్న కూతురు, ఒక్కొక్కటీ నొక్కి పక్కన పెడుతూ ఒకచోట ఆగింది.

“ఇదొక్కటే అంటుకుంటోందేంటమ్మా?”

మూత మీద తేదీ, నంబరు, వాటి కింద ఆమె గుండ్రటి దస్తూరీలో రెండు మాటలు: లేటెక్స్ గ్లౌజులు.

విభాగాధిపతికీ, ఆయన నివేదికను కళ్లు మూసుకుని ఆమోదించిన యాజమాన్యానికీ చెబుతున్న మాట ఇది. ఆ ఆరు గొట్టాలను ఈరోజే వెనక్కి తెప్పించండి. చింపిన పేజీని విచారణ ముందుంచండి. ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచి, అందరి ఎదుటా ఆ బిళ్లను మీ బొటనవేలితో నొక్కండి. ముద్ర నిలుస్తుంది. దోషి ఎవరో అప్పుడు మీ చేత్తోనే రాయండి.