పడవవాడు తిరిగివచ్చిన సినిమా

2023 వేసవి మొదలు. ఊరంతా పసుపు ఆరబెట్టే రోజులు. అప్పుడు నేను ఆర్మూర్‌లో ఒక చిన్న పిల్లల గ్రంథాలయానికి లైబ్రేరియన్‌ను. పిల్లలు ప్రాణంగా చదివే ఒక రచయిత ఉన్నాడు. ఆయన పుస్తకాల ఆధారంగా తీసిన సినిమాలను ఆదివారాల్లో ప్రొజెక్టర్ మీద వేసేవాణ్ని. పుస్తకాన్ని తెరకు తగినట్టు మలచడాన్ని అడాప్టేషన్ అంటారు. మా దగ్గర పుస్తకం చదివినవారికే ప్రవేశం. సినిమా అయ్యాక లైట్లు వేసి రెండు ప్రశ్నలు అడిగేవాణ్ని: ఏం మార్చారు? ఎందుకు మార్చారు? పిల్లలు దర్శకుణ్ని చీల్చి చెండాడేవారు. నాకు అది పండుగ. ఆ మాటలన్నీ అదే సాయంత్రం రాసి పెట్టుకోవడం అలవాటు కనుక, ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

ఆ వారం పడవవాడి కథ. పుస్తకంలో అతడు కన్నబిడ్డను ఒడ్డున వదిలి వరదలోకి వెళ్లి తిరిగి రాడు.

ముందురోజు ఇష్యూ కౌంటర్ దగ్గరికి, అంటే పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే బల్ల దగ్గరికి, శ్రావణి చిన్నాన్న వచ్చాడు. శ్రావణిది ఆరో తరగతి. మా పాఠకులందరిలోకి చురుకైన పిల్ల. తండ్రి దుబాయిలో కూలి. చిన్నాన్న కళ్లం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులు పచ్చగా ఉన్నాయి.

"సార్, రేపటి కథల తండ్రి సచ్చిపోతడని మా పిల్ల చెప్పింది. దాన్ని రానియ్యకుండ్రి."

"ఎందుకు?"

"మా అన్న పోయిండు సార్. పనికాడనే కూలిపోయిండట. పెట్టె ఇంక రాలే. అచ్చేదాక వదినెకు, పిల్లకు చెప్పొద్దనుకున్నం."

శవపేటిక ఇల్లు చేరేదాకా భార్యాబిడ్డలకు చెప్పకపోవడం మా వైపు ఆనవాయితీ. దాన్ని దయ అంటారు. నాకు ఒళ్లు మండింది. రేపోమాపో వాడకట్టంతా ఎరిగే చావు ఆ ఇద్దరికే తెలియకూడదా?

"పిల్లను రావద్దని నేను చెప్పను. అయినా సినిమాలో అతడు చావడు, తిరిగివస్తాడు," అన్నాను.

అతని ముఖం తేటపడింది. "గట్లయితే నేనే తోల్కొస్త సార్."

మర్నాడు తెర మీద పడవ ఒడ్డుకు చేరగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. లైట్లు వేసి, ఏం మార్చారని అడిగాను. శ్రావణి లేచింది.

"పుస్తకంల రాడు. సినిమాల వచ్చిండు."

"ఎందుకు మార్చారు?" అలవాటుగా అనేశాను.

"పిల్లలు ఏడుస్తరని." ఆగింది. వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డ చిన్నాన్న వైపు తిరిగింది. "చిన్నాయినా, డాడీ ఫోన్ చేసిండని రోజు చెప్తున్నవ్. నేను బడికి పోయినంకనే చేస్తడా? మనింట్ల గూడ మార్చిండ్రా?"

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అతణ్ని అడిగాను. అతడు నేల మీద చతికిలబడ్డాడు.

"డాడీ లేడు బిడ్డా."

ఆమె ఏడవలేదు. "మమ్మీకి ఎరుకేనా?"

"లే."

"నడువు, చెప్దాం."

ఆమే అతని చెయ్యి పట్టుకుని లేపింది. కాసేపటికి ఆ ఇంటి ఏడుపు మా కిటికీల దాకా వినిపించింది.

పెట్టె వచ్చింది. అన్నీ అయిపోయాక ఒకరోజు శ్రావణి కౌంటర్ దగ్గర నిలబడింది. "సార్, గా పడవ సినిమా మళ్ల ఏస్తరా?"

"ఆ అబద్ధం మనకెందుకమ్మా?"

"అబద్ధమని నాకెరుకే సార్. పుస్తకం సదివిన గద. గాయన పడవ దిగేది జరసేపు సూస్త."

వేశాను. ముగింపులు మార్చే సినిమావాళ్లను అంతకాలం తిట్టినవాణ్ని, ఆ రోజు ఆమె పక్కన కూర్చుని ఆ ముగింపు చూశాను. అసలు కథ తెలిసినవారికి మార్చిన కథ ఓదార్పు. తెలియనివారికి అది మోసం. పుస్తకం చదివినవారికే ప్రవేశమన్న నియమం నేనే పెట్టాను. అది ఎందుకు అవసరమో ఆ పిల్ల చెప్పేదాకా నాకు తెలియలేదు.