మనవళ్ల నీళ్లు

పూతలపట్టు దగ్గరి మా ఊళ్లో మాకూ మా పెదనాయనకూ కలిపి ఒకే బావి. మూడు రోజులు మా వంతు, మూడు రోజులు ఆయన వంతు, ఏడో రోజు బావికి సెలవు. తాత పెట్టిపోయిన ఈ పద్ధతిలో ఎన్నడూ మాట తేడా రాలేదు, మా నాయనకు జ్ఞానోదయం అయ్యేవరకు.

డెబ్బైలలో ఒకనాడు ఎవరో ఆఫీసరు జీపులో వచ్చి, ఊరందరినీ బడి ముందర కూర్చోబెట్టి, భూమిలోని నీళ్లు మనవి కావు, పుట్టబోయే బిడ్డలవి అని చెప్పిపోయాడు. ఊరంతా ఆయన పంచిన బొరుగులు తినేసి లేచి వెళ్లిపోయింది. మా నాయన ఒక్కడే ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాడే సున్నం కలుపుకుని బావిలోకి దిగి, తొమ్మిదో మెట్టు పక్కన రాతిమీద తెల్లగా గీత గీశాడు. గీత కింది నీళ్లు తన మనవళ్లవట. ఎవరూ ముట్టకూడదట.

అప్పటికి నేను తొమ్మిదో తరగతి. మీసం కూడా రాలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అమ్మ పొయ్యి దగ్గర గొణుక్కుంది.

ఎండలు ముదిరి నీళ్లు గీత దాకా దిగాయి. మా వంతు రోజుల్లో నీళ్లు తోడే ఎద్దులు నీడన పడుకుని నెమరు వేసేవి, మా చెనిక్కాయ చేను నిలువునా ఎండేది. సొంత బావి పెట్టుకుని అమ్మ ఊరి బోరింగు దగ్గర బిందెతో వరసలో నిలబడేది. పెదనాయనకు గీత సంగతి చెబితే ఆయన చేతులెత్తి దండం పెట్టి, చాలా గొప్ప పని అన్నాడు. ఆ ఏడే ఆయిల్ ఇంజన్ కొని చెరుకు వేశాడు. గానుగ ఆడినప్పుడు మాకు రెండు అచ్చుల బెల్లం పంపాడు. అమ్మ ముట్టలేదు. నాయన తిని, బాగుందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బెల్లం మాత్రం తిన్నాను.

తర్వాతి వేసవికి నీళ్లు గీతకు నిలువెత్తు మనిషంత కిందికి పోయాయి. నాయన అన్నను బావి దగ్గరికి పిలుచుకొచ్చి చూపించాడు. పెదనాయన చాలాసేపు లోపలికి తొంగి చూశాడు.

"నీ గీత కింద నేను ముట్టలేదప్పా. పైనీళ్లే తోడినాను. పైవి అయిపోతే కిందివి పైకొచ్చినాయి. దానికి నేనేం సేసేది?"

నాయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అన్న చెప్పినదాంట్లో న్యాయం ఉందని పొద్దున అమ్మతో అన్నాడు. సున్నం ముంత పట్టుకుని మళ్లీ దిగి, ఇంకొంచెం కింద ఇంకో గీత గీశాడు. నేను తిరుపతిలో డిగ్రీ ముగించేసరికి బావి గోడ చారల చొక్కా తొడుక్కున్నట్టుండేది.

అన్నేళ్లూ నేను పెదనాయనను తిట్టుకుంటూనే ఉన్నాను. ఎనభైలలో ఉద్యోగం, పెళ్లి, కూతురు అన్నీ వరసగా అయ్యాక, బిడ్డ పేరున మామిడితోట పెట్టాలన్న కోరిక పుట్టింది. తోటకు నీళ్లు కావాలి కదా. నీళ్లు చూసే మనిషిని పిలిపించాను. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని మా చేనంతా నడిచాడు. టెంకాయ మా బావి పక్కనే నిక్కి నిలబడింది. బావి పక్కన నిలబడక ఇంకెక్కడ నిలబడుతుంది? ఆ సంగతి ఆ రోజు మాలో ఒక్కరికీ తోచలేదు. తమిళనాడు నుంచి బోరు లారీ వచ్చింది. నీళ్లు ఎగజిమ్మితే అందరం తడిసి నవ్వుకున్నాం. నాయన తువ్వాలుతో తల తుడుచుకుని ఇంటికెళ్లిపోయాడు. ఆయనకు ఎండ తగిలిందనుకున్నాను.

బోరు వేసిన మూడో వేసవిలో ఒక సాయంత్రం నాయన నా కూతుర్ని చంకనెత్తుకుని బావి గట్టున నిలబడ్డాడు. అన్నింటికన్నా కింది గీతను వేలితో చూపించాడు.

"ఆ గీత కింద ఉండేదంతా నీదే తల్లీ. నువ్వు పుట్టకముందే ఎత్తిపెట్టినాను."

పాప వంగి చూసింది. అడుగున ఎండిన బురద, ఒక పాత చెప్పు ఉన్నాయి.

"నీళ్లు యాడ తాతా?"

నాయన నావైపు తిరగలేదు.

"మీ నాయన్ను అడుగు" అన్నాడు.

పక్కన నా బోరు మోటారు ఆడుతూనే ఉంది.