ముక్కుతో చూసిన ఉప్పు

మా కోడలు పెరట్లో వేసిన టమోటాలు మొదటిసారి పండాయి. ఈ రోజు వాటితో, పెరటి పచ్చిమిరపకాయలతో రోట్లో ఊరిబిండి పచ్చడి నూరింది. దేవునికి పెట్టక ముందు మా ఇంట్లో ఎవరూ వంట రుచి చూడరు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ రోటి మీదికి వంగి, ముక్కుతోనే తీర్పు చెప్పింది.

“ఉప్పు సాల్లేదు. వాసనే చెప్తాండాది.”

“ఏసినా అత్తమ్మా!” అని కోడలు అంటుండగానే ఆడబిడ్డ పిడికెడు ఉప్పు వేసి కలిపేసింది. కోడలి ముఖం చిన్నబోయింది.

మధ్యాహ్నం ఆ ఊరిబిండి, సంగటి మొదట ఆడబిడ్డకే వడ్డించాను. కళ్లనీళ్లు తిరిగినా మింగింది.

“ఎట్లుంది వదినా?”

చెంబెడు నీళ్లు తాగి, “కారం తక్కువైంది” అంది.

రేపు మళ్లీ నూరమని కోడలికి చెప్పాను. ఆడబిడ్డ బస్సెక్కేదాకా ఉప్పు జాడీ నా మంచం కిందే. మీరెక్కడ దాస్తారో చెప్పండి.