కొబ్బరి నూనె పట్టిన కర్రలు

ఆ రోజుల్లో నాకు రాని పని లేదని గట్టిగా నమ్మేవాణ్ని. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను, అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల సీట్లు డిజైన్ చేసే ఉద్యోగం, ఇక నేర్చుకోవడానికి మిగిలింది ఆత్మరక్షణ ఒక్కటే అనిపించి, కమ్యూనిటీ సెంటర్‌లో శనివారాలు జరిగే జపాన్ కర్రసాము క్లాసులో చేరాను. (ఎవరి నుంచి రక్షించుకోవాలో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.) ఏడాది గడిచినా నా కర్ర ఎదుటివాడి కంటే ముందు నా మోకాలికే తగిలేది. నేర్పే ఆయన కార్ఖానాలో చెక్క అచ్చులు చేసి రిటైరైన అమెరికన్ పెద్దాయన. అందరూ జపాన్ పద్ధతిలో సెన్సే అనేవారు. నా నోటికి మాస్టారనే వచ్చేది, ఆయనా దానికే పలికేవారు.

క్లాసుకు కావలసిన కర్రలన్నీ మాస్టారే తన గరాజ్‌లో, చెక్కను గిరగిరా తిప్పే లేత్ మిషన్ మీద ఉలి పెట్టి చేసేవారు. ఆ ఏడాది ఆయన వేళ్ల కీళ్లు వాచిపోయి ఉలి పట్టలేకపోయారు. అదే సమయానికి, కొత్తవాళ్లు చేరకపోతే జనవరి నుంచి మా గది డాన్స్ క్లాసుకు ఇచ్చేస్తామని సెంటర్ వాళ్లు చెప్పేశారు. అందరినీ పిలిచి ఒక ప్రదర్శన ఇవ్వాలి, దానికి ఎనిమిది కొత్త కర్రలు కావాలి. లేత్ ఎవరికైనా వచ్చా అని మాస్టారు అడిగేసరికి నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. కాలేజీలో లేత్ మీద నేను చేసింది ఒకే ఒక్క ప్రాక్టికల్, అదీ ల్యాబ్ అసిస్టెంట్ పుణ్యమా అని గట్టెక్కింది.

మొదటి కర్ర అప్పడాల కర్రకు తక్కువ, పప్పుగుత్తికి ఎక్కువ అన్నట్టు వచ్చింది. రెండోది నడుం సన్నబడి, ఊగి ఊగి విరిగింది. మాస్టారు పక్కన స్టూల్ మీద కూర్చుని "ఉలిని నొక్కకు, ఆనించు చాలు" అని రోజూ అదే మాట చెప్పేవారు. నెల తిరిగేసరికి ఎనిమిదీ తయారయ్యాయి. ఒక్కోదాన్నీ ఆ వాచిన వేళ్లతో తడిమి తల ఊపారు. ఆ తల ఊపు కోసం పడ్డన్ని పాట్లు ప్రమోషన్ కోసం కూడా పడలేదు నేను. ఇంటికి తీసుకెళ్లి బాగా ఆయిల్ పట్టించమన్నారు.

మన ఇళ్లలో నూనె పట్టించడమంటే ఏమిటో మీకు చెప్పాలా! ఇండియన్ స్టోర్ నుంచి రెండు పెద్ద సీసాలు కొబ్బరి నూనె తెచ్చాను. మా వరంగల్ రూమ్మేట్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"అరే, ఏ ఆయిల్ పెట్టాల్నో అడిగినవా?"

"ఆయిల్ అంటే ఆయిలే కదరా, అడిగేదేముంది?"

పసిపిల్లలకు తలంటినట్టు మర్దనా చేసి బాల్కనీలో ఆరబెట్టాను. నవంబర్ చలికి నూనె పేరుకుపోయి తెల్లారేసరికి మైనం రాసినట్టు నున్నగా మెరిశాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ప్రదర్శన రోజు హాల్లో హీటర్ జోరుగా పనిచేస్తోంది. వచ్చినవాళ్లు పాతికమందికి మించరు. మాస్టారు నమస్కరించారు, మేం కర్రలెత్తాం. చేతుల వేడికి పేరుకున్న నూనె కరిగింది. మొదటి దెబ్బకి నా పక్కనామె కర్ర గోడకేసి ఎగిరింది. నాది నేల మీద జర్రున జారి సెంటర్ మేనేజర్ పాదాల దగ్గర ఆగింది. ఆవిడ తీసి ఇవ్వబోతే ఆవిడ చేతిలోంచీ జారిపోయింది. నిమిషంలో ఎనిమిదీ నేల మీదే ఉన్నాయి, హాలంతా కొబ్బరి వాసన. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆయన క్లాసుకు నా చేతులతో నేనే మూత వేశాననుకున్నాను.

కానీ నవ్విన ఆ పిల్లల్లోనే నలుగురు క్లాసులో చేరారు. మేనేజర్ వేసవి దాకా గడువిచ్చింది. మర్నాడు గరాజ్‌లో చివాట్లకు సిద్ధపడి, రంపపు పొట్టుతో రుద్ది ఏడు కర్రలు శుభ్రం చేశాను. ఎనిమిదోది మాస్టారి చేతుల్లో ఉంది. వాచిన అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తున్నారు. నేను చెయ్యి చాచాను.

"దీన్ని వదిలెయ్. వేళ్లకు హాయిగా ఉంది" అన్నారు.

తర్వాత కొన్నేళ్లకు కూతురి దగ్గరికి వెళ్లిపోతూ లేత్ నాకిచ్చారు, ఆ కర్ర మాత్రం వెంట తీసుకెళ్లారు. ఇప్పుడు నేను చేసే కర్రలు జారవు. ఏ నూనె దేనికో (కర్రలకైతే ఆరి గట్టిపడే అవిసె నూనె) బాగా తెలుసు, తెలియకపోతే అడుగుతాను కూడా. ఎవరినీ అడక్కుండా రెండు సీసాలూ ఒంపేసిన ఆ కుర్రాడంటే మాత్రం రానురాను ఇష్టం పెరుగుతోంది.